టార్చి కొంచెం దగ్గరికి

ఆ రోజు నా కళ్ళు రెండూ కొడుకు నోటి మీదే ఉన్నాయి. ప్రమాదమేమో కూతురి కింది పెదవి వెనక కూర్చుని ఉంది. దీపం కింద చీకటి అని మా అత్తగారు ఊళ్ళో అందరినీ దెప్పుతూ ఉంటుంది. ఆ మాట మా ఇంటికే పనికొస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

నేను మా ఊరి హైస్కూల్లో ఆయాని. గదులు ఊడవడం, మంచినీళ్ళ కుండలు నింపడం, గంట కొట్టడం నా పని. అందరూ హర్షాబెన్, అంటే హర్షక్క, అంటారు. ప్రిన్సిపాల్ రాఠోడ్ సాహెబ్ మాత్రం పని ఉంటే హర్షాబెన్ అంటాడు, పని లేకపోతే నన్ను చూడడు. నా పిల్లలిద్దరూ ఆ స్కూల్లోనే. యశ్ పదకొండో తరగతి, హేత్వి తొమ్మిదో తరగతి.

పిల్లల నోళ్ళు చూడ్డానికి పట్నం నుంచి దంతాల డాక్టరమ్మ వస్తుందని వారం ముందే చెప్పారు. మా సౌరాష్ట్రలో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మగపిల్లాడి జేబులో పెన్ను లేకపోయినా మావా పొట్లం ఉంటుంది. వక్క తరుగు, పొగాకు, తడి సున్నం ప్లాస్టిక్ ముక్కలో వేసి, అరచేతుల మధ్య నలిపి నలిపి బుగ్గన పెట్టుకుంటారు. కొన్నేళ్ళకి బుగ్గ లోపల చెప్పు తోలులా బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. ఆ తర్వాత వచ్చే జబ్బు పేరు మా ఊళ్ళో ఎవరూ నోటితో అనరు, ‘ఆ జబ్బు’ అంటారు. మా పక్క వీధి రమణీక్‌భాయ్ నలభై నిండకుండానే గొట్టంతో పాలు తాగుతూ పోయాడు.

సరిగ్గా ఆ వారంలోనే యశ్ ప్యాంటు ఉతుకుతుంటే జేబులోంచి మావా ప్లాస్టిక్ ముక్క నీళ్ళలో తేలింది.

“ఏంట్రా ఇది?”

“నాది కాదు మమ్మీ, ఫ్రెండుది.”

“ఫ్రెండు మావా నీ జేబులో కాపురం పెట్టిందా?”

వాడు సైకిలెక్కి పారిపోయాడు. వాళ్ళ నాన్నతో చెప్దామంటే, ఆయన వజ్రాల సాన బండ దగ్గర రోజంతా బుగ్గన మావాతోనే కూర్చుంటాడు. దొంగని తీసుకెళ్ళి దొంగకే అప్పగించినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

క్యాంపుకి ముందు రోజు ఇంటికి కాగితాలు పంపారు. పిల్లల పేరు, వయసు, ఆ కింద ‘వ్యసనం ఏమైనా ఉందా?’ అని ఒక గడి. మా వైపు పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి మొదట అడిగే మాట అదే. అమ్మాయి గురించి ఆ మాట ఎవరూ అడగరు, అడిగితే కొట్లాటే. యశ్ కాగితం మీద ఆ గడి దగ్గర పెన్ను ఆపి చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఖాళీగా వదిలేశాను. హేత్వి కాగితం దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ‘లేదు’ అని రాసి, అక్షరం వంకరగా వచ్చిందని దాని మీద ఇంకోసారి దిద్దాను.

ఆ కాగితాలు నింపుతున్నప్పుడు నా కింది పెదవి వెనక బజర్ ఉంది.

బజర్ అంటే నల్లగా మెత్తగా ఉండే పొడి. పొద్దున్నే మా వీధి ఆడవాళ్ళందరం అరుగుల మీద కూర్చుని, వేలితో పళ్ళకీ చిగుళ్ళకీ రుద్దుకుని, మిగిలిన చిటికెడు పెదవి వెనక సర్దుకుంటాం. అది పడితేనే కడుపు కదులుతుంది, తల తేలికవుతుంది, పొయ్యి వెలుగుతుంది. అది పొగాకు పొడి అని తెలియదా అంటే, తెలుసు. కొట్టువాడు పొగాకు బస్తా పక్కనే పెట్టి అమ్ముతాడు. అయినా వ్యసనం మగవాళ్ళది. బజర్ అంటే మాకు పళ్ళు తోముకోవడం. పళ్ళు తోముకోవడాన్ని ఎవరైనా కాగితం మీద రాస్తారా?

డాక్టరమ్మ పేరు పూర్వీబెన్. పాతికేళ్ళు కూడా ఉండవేమో, చూస్తే మా పదో తరగతి పిల్లలకి అక్కలా ఉంది. వెంట వివరాలు రాసుకోవడానికి ఒక కాలేజీ అమ్మాయిని తెచ్చుకుంది. నుదుటికి కట్టుకునే లైటు ఒకటి తెచ్చింది గానీ అది రెండో నోటికే ఆరిపోయింది. సాహెబ్ గారు తన బల్ల సొరుగులోంచి టార్చి తీయించి నా చేతికిచ్చాడు.

“చెయ్యి కదలకూడదు బెన్. పట్టుకోగలరా?” అంది పూర్వీబెన్.

“గంట కొట్టే చెయ్యి మేడమ్. పన్నెండేళ్ళలో ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు.”

ఆమె నవ్వి పని మొదలుపెట్టింది. మగపిల్లల వరుస గది దాటి వరండా చివరిదాకా ఉంది. ఒక్కొక్కడూ వచ్చి కుర్చీలో కూర్చోవాలి. ముందు వాడి మూడు వేళ్ళూ వాడే నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోవాలి. పడితే నోరు బాగా తెరుచుకుంటున్నట్టు. తర్వాత ఆమె చిన్న అద్దంతో రెండు బుగ్గలూ, నాలుక పక్కలూ, నాలుక కిందా, పెదవుల వెనకా చూస్తుంది. ఏమీ లేకపోతే ‘తర్వాత’ అంటుంది.

ఏదైనా కనిపిస్తే ఆమె మొహం మారదు. కనుబొమ్మ కూడా కదలదు. కేవలం, “టార్చి కొంచెం దగ్గరికి, బెన్” అంటుంది. అంతే. ఆ తర్వాత రాసుకునే అమ్మాయికి ఏవో రెండు ముక్కలు చెప్తుంది, ఆ అమ్మాయి ఎర్ర పెన్ను తీస్తుంది.

మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నాకు తెలియక హుషారుగా ముందుకి వంగాను. ఆ కుర్రాడు వరుసలో నిలబడి అందరినీ నవ్విస్తున్నవాడే. వాడి నోట్లో రెండు వేళ్ళే పట్టాయి. మూడోది తోస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పానీపూరీ తినడం మానేశావా?” అని అడిగింది పూర్వీబెన్.

“నోట్లో పట్టట్లేదు మేడమ్. చిదిపి తింటున్నా” అన్నాడు వాడు. వెనక ఎవడో నవ్వాడు గానీ వాడు నవ్వలేదు.

రెండోసారి ఆ మాట వినేసరికి నాకు అర్థమైంది. యశ్ వంతు దగ్గరపడుతున్న కొద్దీ ఆ మాట రాకూడదని మా కులదేవత ఖొడియార్ మాతకి మొక్కుకుంటూ నిలబడ్డాను.

యశ్ వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. మూడు వేళ్ళూ పట్టాయి. బుగ్గలు చూసింది, నాలుక ఎత్తించింది.

“మావా నములుతావా?”

“రెండుసార్లు, మేడమ్.”

“మూడోసారి వద్దు. తర్వాత!”

నా ప్రాణం లేచి వచ్చింది. వాడు లేస్తుంటే ఎవరికీ కనపడకుండా వీపు మీద గట్టిగా గిల్లాను. ఇక ఆ రోజుకి నా గండం గడిచిందనుకున్నాను.

మగపిల్లలు అయిపోగానే రాఠోడ్ సాహెబ్ టీ తెప్పించాడు. “అయిపోయినట్టే కదా మేడమ్. ఫోటో దిగుదాం.”

“ఆడపిల్లలేరీ?”

“ఆడపిల్లలకేం వ్యసనం మేడమ్? వాళ్ళు పెట్టుకునేదల్లా గోరింటాకే.”

గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పూర్వీబెన్ నవ్వలేదు. “అయినా చూస్తాను. పిలవండి” అని కొత్త చేతి తొడుగులు వేసుకుంది.

ఆడపిల్లల వరుస చకచకా కదిలింది. తర్వాత, తర్వాత, తర్వాత. నా మనసు అప్పటికే ఇంటి దారి పట్టింది, గేదెకి నీళ్ళు పెట్టాలి, సాయంత్రానికి రొట్టెల పిండి కలపాలి. హేత్వి కూర్చుంటే, జడ రిబ్బను ఊడిపోయిందే అని మాత్రమే చూశాను. మూడు వేళ్ళు పట్టాయి. బుగ్గలు బాగున్నాయి. నాలుక బాగుంది. డాక్టరమ్మ కింది పెదవిని రెండు వేళ్ళతో పట్టి కిందికి లాగింది.

“టార్చి కొంచెం దగ్గరికి, బెన్.”

నాకు వినిపించింది, కానీ చెయ్యి కదలలేదు. ఆమె ఇంకోసారి అంది. నేను దగ్గరికి పెట్టాను. కింది పళ్ళకీ పెదవికీ మధ్య లోయలో తెల్లని మచ్చ, చింతగింజంత. రోజంతా బట్టలుతికిన చేతివేళ్ళు ఎలా ముడతలు పడతాయో, అలా ముడతలు పడి ఉంది. నా కూతురికి జ్వరం వస్తే ఒళ్ళు పట్టి చూశాను, పేలు పడితే తల దువ్వాను, ఈ పెదవి వెనక ఎన్నడూ చూడలేదు.

“ఇక్కడేం పెట్టుకుంటావమ్మా?”

“ఏమీ లేదు మేడమ్. పళ్ళు తోముకుంటా.”

“దేనితో?”

హేత్వి నా వైపు చూసింది. పూర్వీబెన్ కూడా నా వైపు తిరిగింది. ఈ పిల్ల మీ అమ్మాయేనా అని అడగలేదు, మా ముక్కులు చూస్తే తెలిసిపోతుంది.

“ఇంట్లో బజర్ ఉందా, బెన్?”

గదిలో రాఠోడ్ సాహెబ్ ఉన్నాడు. లెక్కల మాస్టారు ఉన్నాడు. ముప్పై మంది పిల్లలు గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు.

“లేదు” అన్నాను.

హేత్వి తల దించుకుంది. పూర్వీబెన్ రాసుకునే అమ్మాయికి రెండు ముక్కలు చెప్పింది. ఎర్ర పెన్ను. ఆ తర్వాత ఇంకా ఇరవై మందికి టార్చి పట్టాను. అందులో ఇంకో ఇద్దరు ఆడపిల్లల దగ్గర కూడా ఆ మాట వచ్చింది. వాళ్ళ మొహాలు నాకు గుర్తు లేవు.

మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కుంటుంటే కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

“ఉంది మేడమ్. బజర్ ఉంది. అలవాటు చేసింది నేనే.”

అంతా చెప్పాను. ఇది నాలుగేళ్ళ కిందటి మాట, అప్పటికి హేత్వికి పదకొండేళ్ళు. కృష్ణాష్టమికి మేం చేసుకునే సాతం ఆఠం పండగ రోజులు. మా వైపు ఆ నాలుగు రోజులూ కొట్లుండవు, ఆసుపత్రులుండవు, ఊరు ఊరంతా జాతరలోనే. పిల్లకి దవడ పన్ను పీకి పీకి నొప్పి. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంటే నేనే నా డబ్బాలోంచి చిటికెడు తీసి, నా వేలితోనే రుద్దాను. గంటలో నొప్పి పోయింది. మర్నాడు అదే అడిగింది, ఇచ్చాను. ఆ తర్వాత అడగడం మానేసింది. మానేసిందనే అనుకున్నాను. అడగకుండా తీసుకుంటోందని తెలిసినప్పుడు కూడా ‘మా అమ్మ నాకు అలాగే ఇచ్చింది’ అనుకుని ఊరుకున్నాను.

“ఇది ఆ జబ్బేనా మేడమ్?”

“ఈ వయసులో అది చాలా అరుదు. ఇలాంటి మచ్చలు మానేస్తే చాలావరకు వాటంతటవే పోతాయి. అలాగని మళ్ళీ చూడకుండా ఆ జబ్బు కాదని నేను చెప్పలేను. పదిహేను రోజులు. ఒక్క రవ్వ కూడా నోట్లో పడకూడదు. పదిహేనో రోజు పట్నం ఆసుపత్రికి తీసుకురండి. అప్పటికీ మచ్చ అలాగే ఉంటే బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకి పంపాలి.”

“ముక్క కోస్తారా?”

“చిన్నదే. నొప్పి తెలియకుండా.” ఆమె చేతులు తుడుచుకుంది. “మీరు కూడా పెట్టుకుంటారా బెన్?”

“ఎప్పుడైనా” అన్నాను. ఆ పూటకి అది నా రెండో అబద్ధం.

ఇంటికి రాగానే మా అత్తగారు జీవీబా దగ్గర పంచాయితీ మొదలైంది. ఆవిడ బజర్ డబ్బా నేను లాక్కోబోతే, గద్ద కోడిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

“అరవై ఏళ్ళ నుంచీ పెడుతున్నా. నా నోట్లో ఏం పుట్టిందే?”

“ఏం పుడుతుంది బా? ఉన్న పళ్ళన్నీ పోయాయి.”

“పళ్ళు వయసుకి పోయాయి. మీ డాక్టరుకి మీసాలు రానీ, అప్పుడు నాకు చెప్పమను.”

“ఆమె ఆడమనిషి బా.”

“ఇంకేం, ఆడదానికి తెలీదా బజర్ సంగతి!”

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. పిల్ల ఎదుట పెట్టుకోనని మాత్రం ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఆ రోజు నుంచీ డబ్బా కొంగున ముడేసుకుని పక్కింటి అరుగు మీదికి మకాం మార్చింది. నా డబ్బా నేనే తీసి పెంటకుప్పలో పారబోశాను. హేత్విని నీ దగ్గరేమైనా ఉందా అని అడిగితే స్కూలు సంచిలోంచి కంపాసు పెట్టె తెచ్చి ఇచ్చింది. అందులో స్కేలు కింద చిన్న పొట్లం.

“స్కూల్లో కూడానా?”

“రిసెస్‌లో పెట్టుకుంటాం మమ్మీ. నేనొక్కదాన్నే కాదు.”

రోజుకి ఏడుసార్లు గంట కొట్టే నేను, ఆ గంటల మధ్య నా కూతురు ఏం చేస్తోందో ఎరగను.

మర్నాటి నుంచీ పొద్దున్నే ఎండ పడే చోట హేత్విని గడప మీద కూర్చోబెట్టి పెదవి లాగి చూడటం నా పనైంది. మొదటి రోజు అలాగే ఉంది. మూడో రోజు పెరిగినట్టు అనిపించింది. నాలుగో రోజు తగ్గినట్టు అనిపించింది. అయిదో రోజు ఏమనిపించిందో నాకే తెలియలేదు. మా ఆయన్ని చూడమంటే దూరం నుంచే చూసి, బుగ్గన మావా పక్కకి తోసి, “ఏం కాదులే” అన్నాడు. ఆ నోటితో ఆ మాట అంటుంటే నాకు ఒళ్ళు మండింది.

“ముందు నీ మూడు వేళ్ళు నీ నోట్లో పెట్టి చూపించు” అన్నాను.

ఆయన పెట్టలేదు. చెప్పులేసుకుని కార్ఖానాకి వెళ్ళిపోయాడు.

పిల్లకి నరకంగా గడిచింది. తల బద్దలైపోతోందనేది, పుస్తకం విసిరికొట్టేది, ఊరికే ఏడ్చేది. దాని నోరు ఊరకుండా సోంపూ వేయించిన నువ్వులూ జేబులో పోసి పంపేదాన్ని. ఆరో రోజు స్కూల్లో మంచినీళ్ళ కుండ దగ్గర నన్ను పట్టుకుని, “నాకు భయంగా ఉంది మమ్మీ. కోసేస్తారా? పెదవి వంకరగా అయిపోతుందా?” అంది.

“చిన్న ముక్కే. అదీ మచ్చ ఉంటేనే.”

“నీకు భయం లేదా?”

“లేదు” అన్నాను. మూడో అబద్ధం. నిజానికి నాకు అన్నం సయించట్లేదు. ఎర్ర పెన్ను కల్లోకి వస్తోంది. గంట కొడుతుంటే ఎన్ని కొట్టానో మర్చిపోయి ఒక రోజు తొమ్మిది కొట్టాను, బడి విడిచే గంట అనుకుని పిల్లలంతా సంచులు తగిలించుకుని ఇంటికి పోయారు. సాహెబ్ తిట్టిన తిట్లు నాకు ఒక్కటీ తలకెక్కలేదు.

ఇక నా సంగతి. పారబోశానని చెప్పాను కదా. పారబోశాను. కానీ పారబోసే ముందు ఒక్క గుప్పెడు కాగితంలో చుట్టి గేదెల కొట్టంలో ఇటుక సందున పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? పాతికేళ్ళుగా అది లేకుండా నాకు తెల్లవారలేదు. మొదటి రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు తలనొప్పికి పిడకలు చేస్తూ చేస్తూ కూలబడ్డాను. పిల్లది కదా ప్రమాదం, నాది కాదుగా అనుకున్నాను. పిల్ల కోసం పరిగెత్తాలంటే నాకు ఓపిక ఉండాలిగా అని కూడా అనుకున్నాను. మనిషికి సాకులకేం కరువు? ఆ రోజు నుంచీ పాలు పితికే వేళకి కొట్టంలో చిటికెడు పెట్టుకుని, నోరు పుక్కిలించి, ఏలకులు నమిలి ఇంట్లోకి వచ్చేదాన్ని.

ఏడాది నుంచీ నాకు వెల్లుల్లి చట్నీ నాలుక కింద భగ్గుమని మండుతోంది. రొట్టె మజ్జిగలో నానబెట్టుకుని తింటున్నాను. వేడి చేసిందనుకున్నాను. అక్కడ ఒక గరుకు చోటు ఉంది, ఊరికే కూర్చుంటే నాలుక దాన్నే తడుముతూ ఉంటుంది. దాని గురించి ఎవరితోనూ అనలేదు, అనేంత విషయం అనిపించలేదు.

పదకొండో రోజు పాలచెంబుతో కొట్టంలోంచి బయటికి వస్తుంటే హేత్వి ఎదురుగా నిలబడి ఉంది.

“మమ్మీ, నోరు తెరువు.”

“తల్లి నోరు తెరిపిస్తావా? పో, బడికి టైమైంది.”

“ఏలకుల వాసన వస్తోంది. మనింట్లో ఏలకులు పండక్కి తప్ప తీయవు నువ్వు.”

నేను పాలచెంబు చూస్తూ నిలబడ్డాను. అది అరుస్తుందనుకున్నాను, నువ్వు మానకుండా నన్నెందుకు మాన్పించావని అడుగుతుందనుకున్నాను. అడిగితే బాగుండేది. అది కొట్టంలోకి వెళ్ళి, ఇటుక సందులోంచి పొట్లం తీసి, నా ఎదుటే గేదె తొట్టిలోని కుడితిలో వేయబోయి, గేదె తాగుతుందని గుర్తొచ్చి ఆగి, కాలవలో పారబోసింది. ఆ పొట్లం ఎక్కడుందో దానికి ముందే తెలుసు. తెలిసీ తను ముట్టలేదు. సిగ్గుతో నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆ మిగిలిన నాలుగు రోజులూ నేను కూడా మానేశాను. ఇద్దరం తలలు పట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటే జీవీబా గుమ్మంలోంచి చూసి, “ఎవరు పోయారే ఇంట్లో?” అంది.

పదిహేనో రోజు పొద్దున బస్సెక్కాం. హేత్వి కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా కింది పెదవిని నాలుకతో తడుముకుంటూనే ఉంది. వద్దని చెప్పలేకపోయాను. నా నాలుక కూడా దాని చోటికి అది పోతూనే ఉంది.

ఆసుపత్రిలో పూర్వీబెన్ మమ్మల్ని గుర్తుపట్టింది. పెద్ద కుర్చీ, పైన లైటు ఉన్నాయి గానీ, ఆ లైటు పెదవి వెనకకి సరిగ్గా పడదట. ఇక్కడ కూడా బల్ల మీద ఒక చిన్న టార్చి ఉంది. అడగకుండానే తీసుకున్నాను.

ఆమె పెదవి పట్టి కిందికి లాగింది. నేను మచ్చ చూడలేదు. ఆమె నోరే చూస్తున్నాను. ఆ మాట వస్తుందా రాదా అని, దాని కోసమే ప్రాణాలు బిగబట్టి నిలబడ్డాను. పక్క గదిలో ఎవరికో పన్ను పీకుతున్నారు. ఆమె అద్దంతో అటు చూసింది, ఇటు చూసింది, వేలితో నొక్కి చూసింది.

“బాగా తగ్గింది. సన్న గీతలా మిగిలింది అంతే. ఇప్పుడు ముక్క తీయక్కర్లేదు. నెల తర్వాత మళ్ళీ చూస్తాను. ఒక్క రవ్వ కూడా పెట్టుకోలేదన్నమాట. శభాష్ హేత్వి!”

నేను టార్చి బల్ల మీద పెట్టి గోడకి తిరిగి ఏడ్చేశాను. కొంగుతో మొహం తుడుచుకుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. “మీ మేలు మర్చిపోను మేడమ్. పదవే హేత్వి, పదకొండింటి బస్సు దొరుకుతుంది.”

హేత్వి కుర్చీ దిగింది గానీ గుమ్మం వైపు రాలేదు.

“మేడమ్, మా మమ్మీది కూడా చూడండి.”

“నాకెందుకే? బస్సు పోతుంది.”

“ఇంకో బస్సు ఉంది.”

“నాకేం కాలేదు మేడమ్, ఇది ఊరికే...”

“చట్నీ తినట్లేదు మేడమ్. ఏడాదైంది. రొట్టె నానబెట్టుకుని తింటోంది. నాలుక కింద ఏదో తడుముకుంటూ ఉంటుంది, తనకే తెలీకుండా.”

దాని పెదవి వెనక నేను నాలుగేళ్ళు చూడలేదు. అది నా కంచం రోజూ చూస్తోంది.

పూర్వీబెన్ తొడుగులు మార్చుకుంది. “కూర్చోండి బెన్.”

“టార్చి ఎవరు పడతారు?” అన్నాను. దేవుడా, అదొక సాకు!

హేత్వి అప్పటికే బల్ల మీద టార్చి తీసుకుంది. “నువ్వు స్కూల్లో అంతమందికి పట్టావు. నేను ఒక్క నోటికి పట్టలేనా?”

కూర్చున్నాను. మూడు వేళ్ళు పెట్టుకోమంటే పెట్టుకున్నాను, పట్టాయి. డాక్టరమ్మ కింది పెదవి లాగి చూసింది. పాతికేళ్ళ బజర్ అక్కడే కూర్చుంది కదా, ఆ మాట అక్కడే వస్తుందనుకున్నాను. రాలేదు. కుడి బుగ్గ చూసింది, ఎడమ బుగ్గ చూసింది. రాలేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

“నాలుక పైకెత్తండి.”

ఎత్తాను. ఆమె అద్దం ఒక చోట ఆగింది. నాకు తెలిసిన చోటే. ఆమె మొహం మారలేదు, కనుబొమ్మ కూడా కదలలేదు.

“టార్చి కొంచెం దగ్గరికి తీసుకురామ్మా, హేత్వి.”

వెలుతురు దగ్గరికొచ్చింది. కళ్ళు చెదిరి డాక్టరమ్మ కనపడటం మానేసింది. వెలుతురు వెనక నా కూతురి మొహం ఒక్కటే కనపడుతోంది. ఆ మాటకి అర్థం దానికి తెలుసు, స్కూల్లో ఆ కుర్చీలో కూర్చుని విన్న పిల్ల. కింది పెదవి పళ్ళతో గట్టిగా కరిచిపట్టుకుని, టార్చిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు కదలలేదు. నోరు మూసుకుని లేచి పారిపోవాలనిపించింది, పదకొండింటి బస్సు ఇంకా వెళ్ళి ఉండదు.

నేను నోరు ఇంకొంచెం పెద్దగా తెరిచాను.